రెండో కాపీ ఉండదు

ఇక్బాలున్నీసా బేగం నా దుకాణం గడప దాటుతూ ఒక శాపం, కుర్చీలో కూర్చుంటూ ఇంకో శాపం పెట్టింది. మొదటిది ఊళ్లోని ఫొటో స్టూడియోలన్నిటికీ, రెండోది ప్రత్యేకంగా నాకు. వెనకాలే వచ్చిన మనవరాలు ఆఫ్షీన్ ముఖం మీది ముసుగు పైకెత్తి, నన్ను పలకరించకుండా గోడవైపు తిరిగి నిలబడింది. ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారు. దారంతా ఒక్క మాట కూడా అనుకోలేదని ముఖాలే చెబుతున్నాయి.

"మా డిస్క్ తియ్యి. నా కండ్ల ముందట పగలగొట్టు," అంది ముసలామె.

"పగలగొట్టనియ్య," అంది ఆఫ్షీన్, గోడకు చెప్పినట్టు.

"నీతోని మాట్లాడుతలేను."

"నేను గూడ నీతోని మాట్లాడుతలేను దాదీ. రూపక్కతోని మాట్లాడుతున్న."

పొద్దున్నే ఇదీ నా బోణీ.

దబీర్‌పురా స్టేషన్‌కు పోయే దారిలో నాది ఆడవాళ్ల స్టూడియో. పెళ్లిళ్లలో ఆడవాళ్ల ఫంక్షన్లకు మాత్రమే ఫొటోలు, వీడియోలు తీస్తాను. మగవాణ్ణి గడప దాటనివ్వను. కరెంటు బిల్లు ఇచ్చేవాడు కూడా బయట నుంచే విసిరేసి పోవాలి. ముసుగు తీయని ఇళ్లలోకి కూడా నన్ను పిలుస్తారంటే కారణం ఆ పొగరే. ఇంకో కారణం నా పద్ధతి. ఒక పెళ్లికి ఒక్క హార్డ్ డిస్క్. దాన్ని ఆ ఇంటి పెద్దామె తెచ్చి నా చేతికి ఇవ్వాలి. తీసినవన్నీ దాంట్లోకే ఎక్కిస్తాను, దాని మీదే పని చేస్తాను, పని అయ్యాక ఇచ్చిన చేతికే తిరిగి ఇచ్చేస్తాను. నా కంప్యూటర్‌లో ఏమీ మిగలదు. గుమ్మం పైన తెలుగులో, ఉర్దూలో బోర్డు కూడా రాయించాను: రెండో కాపీ ఉండదు.

కిందటి నెల నగరంలో ఎవడో స్టూడియోవాడు పాత డిస్క్ మీది ఫొటోలు చెరిపేసి, దాన్ని రిపేరు దుకాణానికి అమ్ముకున్నాడట. కొన్నవాడు చెరిపినవన్నీ తిరిగి లాగాడు. ఎవరింటి పెళ్లికూతుళ్లో ఊరందరి ఫోన్లలో తిరిగారు. అప్పటినుంచి నా దుకాణానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ నన్ను దొంగను చూసినట్టు చూస్తోంది. పాపం ఒకడిది, శాపం ఇంకొకరికి.

ఇక ఈ డిస్క్ సంగతి. దీంట్లో ఆఫ్షీన్ తల్లి ఉంది. ఆమె పేరు రఫత్. కూతురి పెళ్లయిన రెండు నెలలకు గుండె ఆగి పోయింది. బతికుండగా ఎవరినీ ఫొటో తీయనివ్వలేదు. ఇంట్లో ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప ఇంకోటి లేదు, దాంట్లో తప్పిపోయిన మనిషిలా ఉంటుంది. కానీ పెళ్లికి ముందు పిల్లకు పసుపు పెట్టే మాంఝా ఫంక్షన్‌లో, చుట్టూ ఆడవాళ్లే ఉన్నారన్న ధీమాతో, ఢోలక్ ఒళ్లో పెట్టుకుని పాడింది, లేచి ఆడింది. తీసింది నేనే. రఫత్ పోయాక డిస్క్ అడిగేవాళ్లు లేక నా బీరువాలోనే ఉండిపోయింది. ఇప్పుడు ఆఫ్షీన్‌కు తల్లి నవ్వు కావాలి. ముసలామెకు ఆ నవ్వు భూమి మీద ఉండకూడదు.

"దీన్ని అత్తగారింటికి పట్టుకపోతదంట," అంది ఇక్బాలున్నీసా. "ఆడ దేవర్‌లున్నరు, దీని మొగని తమ్ముండ్లు. ఏదో ఒకనాడు పెట్టి చూస్తరు. నా కోడలు ముసుగు లేకుంట ఎగురుతాంటె మొగోండ్లు చూడాల్నా? కైకు?"

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే నాకు ఇంకా చిరాకు వేసింది. శత్రువు తప్పు మాట్లాడితే తిట్టడం సులువు.

"తాళం ఏస్త ఖాలా," అన్నాను. "డిస్క్ మొత్తానికి. చావీ మాట కొట్టకుంటే లోపల ఏమున్నదో నాకు గూడ కనబడది. చెత్త లెక్క కనబడ్తది."

"ఉన్న బొమ్మలు పోకుండ ఏస్తవా అక్కా?" ఆఫ్షీన్ అప్పుడు నావైపు తిరిగింది.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. నా కంప్యూటర్‌లో ఉండేది లినక్స్. నాకు తెలియకుండా ఫొటోలు ఏ క్లౌడ్‌లోకో ఎక్కిపోకూడదని, కష్టపడి నేర్చుకుని మరీ పెట్టుకున్నాను. దాంట్లో కొత్త డిస్క్‌కు తాళం వేయడం నిమిషాల పని. నిండిన డిస్క్‌కు వేయాలంటే, లోపలి సామానును కాస్త జరిపి తాళానికి చోటు చేయాలి, ఆ తర్వాత ఒక్కో ముక్కనూ చదివి, మార్చి, మళ్లీ అక్కడే రాయాలి. నేర్చుకున్నవాళ్లెవరైనా మొదట చెప్పే మాట ఒకటే: ముందు ఇంకో కాపీ తీసి పక్కన పెట్టుకో.

అదే చెప్పాను. "వేరే డిస్క్‌ల కాపీ పెడ్త. తాళం పడ్డంక దాన్ని మీ ముందటనే చెరిపేస్త."

ముసలామె లేచి నిలబడింది. "నఖల్ నక్కో! కాపీ గీపీ ఏం వద్దు! ఆ రిపేరోడు గూడ చెరిపేసినయే తీసిండు గదా? బయట బోర్డు ఎందుకు రాసినవే? అలంకారానికా?"

"బొమ్మలు పోతే?" అన్నాను.

"పోతే పోనీ."

"పోతే నిన్ను జన్మల మాఫ్ చెయ్య దాదీ," అంది ఆఫ్షీన్. ఆమె గొంతు పెరగలేదు. పెరిగితేనే బాగుండేది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో వాదించి లాభం లేదు. పైగా ఆమె పట్టుకున్న కుందేలు నా బోర్డు మీదిదే. కాపీ లేకుండానే మొదలుపెట్టాను. ముందు డిస్క్‌లో తప్పులేమైనా ఉన్నాయేమో పరీక్ష చేశాను. ఉన్నదాన్ని కొద్దిగా కుదించి చోటు చేశాను. ఎన్నో పెళ్లిళ్లు తీశాను కానీ ఒక చనిపోయిన మనిషిని చేతిలో పట్టుకుని ఇంత ఇరుకు సందులోంచి ఎప్పుడూ నడవలేదు.

తాళంచెవి మాట, అంటే పాస్‌వర్డ్, అడిగింది తెర.

"నేను కొడ్త," అంది ఇక్బాలున్నీసా. "డిస్క్ నా చేతులకెళ్లి తీసుకున్నవ్. నీ కానూన్ అదే గదా. మీరిద్దరు అటు తిరుగుండ్రి."

కానూన్ నాదే కాబట్టి తిరిగాను. వెనకాల మీటలు ఒక్కొక్కటే పడుతున్నాయి.

"పడ్తలేదు. తెర మీద ఏం కనబడ్తలేదు."

"పడ్తది ఖాలా. కనబడకూడదనే గట్ల పెట్టిన్రు. మళ్లొకసారి అదే కొట్టాలె."

కొట్టింది. పని మొదలైంది. తెర మీద శాతం అంకె నత్తలా కదలసాగింది. సాయంత్రం దాకా పడుతుందన్నాను. ముసలామె సంచీలోంచి పాన్‌డబ్బా తీసి, తీరిగ్గా ఒక ఆకు మడుచుకుని నోట్లో పెట్టుకుంది. పొద్దుటినుంచి మొదటిసారి ఆమె ముఖంలో శాంతి కనబడింది. నాకు నచ్చలేదు.

"దాదీ, చావీ ఏంది?" అడిగింది ఆఫ్షీన్.

"నీకెందుకు?"

"నేనెట్ల చూడాలె మరి?"

"నిన్నెవరు చూడుమన్నరు? బొమ్మలు పోవద్దన్నవ్, పోలే. మొగోండ్లు చూడొద్దని నేనన్న, చూడరు. చావీ నాతోనే గోరీలకు వస్తది. ఇగ లొల్లి ఖతం."

నా ఒళ్లు మండిపోయింది. పగలగొడితే పాపం ఆమెది అయ్యేది. ఇప్పుడు అదే పని నా చేత, నా లినక్స్‌తో, నా కరెంటుతో శుభ్రంగా చేయించుకుంటోంది.

ఎందుకు చేయిస్తోందో కూడా నాకు అప్పుడే వెలిగింది. ఆ మాంఝా రోజు ఢోలక్ పాటల్లో అందరూ అందరినీ ఎగతాళి చేశారు. అది ఆ పాటల రివాజు, ఎవరూ పట్టించుకోరు. రఫత్ వంతు వచ్చింది. ఆమె తన అత్త మీద పాట కట్టింది. మా అత్త నడుముకు తాళంచెవుల గుత్తి, చక్కెర డబ్బాకూ తాళమే, ఉప్పు డబ్బాకూ తాళమే, ఒక్క నోటికే తాళం లేదు! ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఇక్బాలున్నీసా లేచింది. కెమెరా ముందే అంది: "ఇంక నీ మొఖం చూస్తే నా పేరు ఇక్బాలున్నీసా కాదు." ఆ మరునాడే కిషన్‌బాగ్‌లోని చిన్న కొడుకింటికి మకాం మార్చింది. రఫత్ పోయిన రోజు వచ్చింది కానీ శవం మీది గుడ్డ ఎత్తలేదట. మాట అంటే మాట. పసుపు బట్టల్లో లోపలి గదిలో కూర్చున్న ఆఫ్షీన్ ఇదేమీ చూడలేదు. తల్లి పోయాక చుట్టాలెవరూ ఆ మాట ఎత్తలేదు. ఎవరి ఇంట్లో సంగతి వాళ్ల ఇంట్లోనే వదిలేయడం నా వృత్తి కాబట్టి నేనూ ఎత్తలేదు.

అత్త మీది కోపం దుత్త మీద తీర్చుకునే కోడళ్లను చూశాను. చచ్చిపోయిన కోడలి మీది కోపం డిస్క్ మీద తీర్చుకునే అత్తను అప్పుడే చూశాను.

"ఖాలా, మీరు చేసేది మంచి పని కాదు," అన్నాను.

ఆమె చూపు నా బల్ల మీద ఇంకో మూలకు పోయింది. అక్కడ వేరే పెళ్లివాళ్ల డిస్క్ ఉంది, దాని చిన్న దీపం ఆగి ఆగి మెరుస్తోంది.

"అదెందుకు మెరుస్తుంది?"

"అది వేరేవాళ్లది."

"అబద్ధం! నఖల్ తీస్తున్నవ్! నన్ను మాటల్ల పెట్టి—"

అంత వయసులో అంత వేగం ఎక్కడిదో. లేచి, బల్ల మీదికి వంగి, చేతికి దొరికిన వైరు పట్టి గుంజింది. మెరుస్తున్న డిస్క్ మెరుస్తూనే ఉంది. ఊడి వచ్చింది ఆఫ్షీన్ తల్లి ఉన్న డిస్క్ వైరు.

తెర మీద ఎర్ర అక్షరాలు గబగబా పరుగెత్తి ఆగిపోయాయి. ఆఫ్షీన్ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నేల మీద కూర్చుండిపోయి రెండు చేతులతో తల పట్టుకుంది. ఆ చప్పుడు విన్నాక నేను ముసలామెను ఏమన్నానో ఇక్కడ రాయను. వయసుకు మర్యాద ఇవ్వాలని మా నాన్న నేర్పాడు, ఆ నిమిషం మా నాన్న గుర్తుకు రాలేదు.

డిస్క్‌ను మళ్లీ తగిలించాను. వేసిన తాళం చెక్కు చెదరలేదు. ఎక్కడిదాకా పని అయిందో దానికి గుర్తుంది, తాళంచెవి మాట కొడితే అక్కడినుంచే అందుకుంటుంది. ఊపిరి పీల్చుకున్నాను. కానీ ఆ సంగతి వెంటనే చెప్పలేదు. ముందు వేరే సంగతి చెప్పాను.

"ఖాలా, ఇది వెనకకెళ్లి ముందుకు తాళం ఏసుకుంట వస్తది. వెనక సగానికి పడ్డది. ముందు సగం తెరిచే ఉన్నది. నేను ముందుగాల ఎక్కించింది మాంఝా. ఆ రిపేరోని అసుంటోడు ఎవడన్న దీన్ని పట్టిండనుకో, పాట, ఆట, ఆ తర్వాత ఎవరు ఎవరిని ఏమన్నరో, అంత తీస్తడు."

ఆమె ముఖం మారింది. నాకు తెలుసని ఆమెకు తెలిసింది.

"ఏ మాట అక్కా?" అంది ఆఫ్షీన్ నేల మీది నుంచి.

నేను ముసలామెనే చూస్తున్నాను. "చావీ కొట్టుండ్రి, మిగిలిన సగానికి గూడ తాళం పడ్తది. కానీ ఈ తాళానికి ఇంకో చావీ గూడ చేసుకోవచ్చు. రెండోది ఈ పిల్లకు. ఒప్పుకుంటేనే కొట్టుండ్రి. లేకుంటే ఇది గిట్లనే సగం తెరిచి మీ చేతుల పెడ్త, పగలగొట్టినా ముక్కలకెళ్లి తీసేటోండ్లున్నరు. నా కానూన్ అదే గదా."

"బెదిరిస్తున్నవా?"

"అవును."

పాన్ నమలడం ఆగింది. బయట రైలు కూత వేసి పోయింది. తాళం పూర్తిగా పడ్డాక ఈ బేరంలో నా చేతిలో ఏమీ మిగలదని నాకు తెలుసు. రెండో తాళంచెవి చేయాలంటే మొదటిదాని మాట మళ్లీ కొట్టాలి, అప్పుడు ఆమె కొట్టనంటే నేనేం చేయలేను. కానీ ఈమె మాట మీద నిలబడే మనిషి. శవం ముఖం కూడా చూడకుండా నిలబడ్డ మనిషి. నేను నమ్ముకున్నది ఆ దరిద్రపు గుణాన్నే.

"సరే," అంది చివరికి. "మాటిచ్చిన."

మళ్లీ గోడవైపు తిరిగాం. మీటలు పడ్డాయి. అంకె కదిలింది.

ఆ తర్వాత సాయంత్రం దాకా ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా కూర్చున్నాం. నేను చాయ్ తెప్పించాను, ఎవరూ తాగలేదు. మసీదులో మగ్రిబ్ అజాన్ వినబడే వేళకు పని పూర్తయింది. ఇక్బాలున్నీసా ఎవరూ అడగకుండానే వచ్చి కుర్చీలో కూర్చుని తన మాట కొట్టింది. ఆఫ్షీన్ తన కొత్త మాట కొట్టింది. ఇప్పుడు ఒక తాళం, రెండు తాళంచెవులు.

"తీసి చూపిస్త. ఉన్నయో పోయినయో తెలువాలె గదా," అన్నాను. చూడకుండా ఇచ్చి పంపేదాన్ని కాదు, అది నా పని.

"మాంఝా పెట్టు," అంది ఆఫ్షీన్.

ముసలామె వద్దనలేదు. వద్దనే హక్కు మాటతో పాటే పోయింది.

రఫత్ వచ్చింది. పచ్చని దుపట్టా జారిపోతుంటే పట్టించుకోకుండా ఢోలక్ వాయిస్తూ, తన నవ్వుకు తానే ఆగలేక పాట మధ్యలో తప్పుతూ. ఆఫ్షీన్ తెరను వేళ్లతో తాకింది. తాళంచెవుల పాట వచ్చింది. ఆఫ్షీన్ కూడా నవ్వింది, కళ్ల నిండా నీళ్లతో. తర్వాత ఆ మాట వచ్చింది. ఇంక నీ మొఖం చూస్తే. ఆఫ్షీన్ నవ్వు ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

నేను ఆపబోయాను. "ఉండనీ," అంది ఆఫ్షీన్.

ఆ తర్వాతిది నేను కూడా ఎప్పుడూ చూడలేదు. నేను పెళ్లికూతురిని తీయడానికి లోపలికి పోయినప్పుడు మూల స్టాండు మీది కెమెరా ఆపడం మరిచిపోయానట. అది తీస్తూనే ఉంది. గది ఖాళీ. అందరూ తినడానికి పోయారు. రఫత్ ఒక్కతే వచ్చింది, చేతుల్లో పళ్లేలు, గిన్నెలు. బిర్యానీ పెట్టింది, పక్కన తీపికి ఖుబానీ కా మీఠా పెట్టింది, పైన ఇంకో పళ్లెం బోర్లించి గుడ్డ కట్టింది. గుమ్మం దగ్గర ఎవరికో చెప్పింది. "అమ్మీజాన్ తినకుంట తన అర్రలకు పోయింది. ఇది గామెకియ్యుండ్రి. నేను పంపిన్నని చెప్పకుండ్రి, తినది. పాట కోసం పాడిన గని, మనసుల పెట్టుకొని పాడలే."

వీడియో అక్కడ అయిపోయింది.

ఇక్బాలున్నీసా ఇంకా తెర వైపే చూస్తోంది. "ఆ పళ్లెం నాకొచ్చింది," అంది. "ఎవరు పంపిన్రో అడగలే. ముట్టకుంట వాపస్ పంపిన."

ఆమె డిస్క్‌ను నా చేతిలోంచి తీసుకుంది, ఇచ్చిన చేతికే తిరిగి రావాలి కదా. ఒక నిమిషం ఒళ్లో పెట్టుకుంది. తర్వాత మనవరాలి ముందు పెట్టింది. "నువ్వే పట్టుకో. నాకు చూడబుద్ధి అయితే నీ ఇంటికొస్త. నా చావీతోని చూసుకుంట."

ఆఫ్షీన్ డిస్క్ తీసుకుంది. మళ్లీ కంప్యూటర్‌కు తగిలించింది. "అక్కా, దాదీ చావీ తీసెయ్యొచ్చా?"

"ఏంది?"

"రెండు చావీలున్నయి గదా. ఒకటి తీసెయ్యి."

తీసేయవచ్చు. ఉన్న తాళంచెవుల్లో ఒకదాన్ని చెరిపేయడానికి ఇంకోదాని మాట కొడితే చాలు. పొద్దుటినుంచి ఈ పిల్ల కోసమే కొట్లాడాను, ఇప్పుడు ఈ పిల్లను చూస్తే భయం వేసింది. "అట్ల చెయ్యకమ్మా, ఇంటికి పోయి ఆలోచించుకో," అన్నాను.

"మా అమ్మీ మొఖం చూడనన్నది. మాట మీదనే ఉండనీ." ముసలామెవైపు తిరిగి, ఆ రోజు మొదటిసారి నేరుగా కళ్లలోకి చూసింది. "నీ పేరు ఇక్బాలున్నీసానే గదా దాదీ?"

ముసలామె తలెత్తలేదు. వద్దని ఒక్క మాట అంటే నేను ఆపేదాన్ని. అనలేదు. డిస్క్ ఆఫ్షీన్‌ది, ఇచ్చింది ముసలామె తన చేత్తోనే. ఆదేశం నేను రాశాను, తాళంచెవి మాట ఆఫ్షీన్ కొట్టింది. తెర మీద చప్పుడు లేదు, మెరుపు లేదు. ఒక తాళంచెవి పోయింది, అంతే.

ఆఫ్షీన్ డిస్క్‌ను బురఖా లోపల దాచుకుని, ముసుగు దించుకుని, వెనక్కి చూడకుండా దబీర్‌పురా స్టేషన్ వైపు నడిచి వెళ్లిపోయింది. ఆటోలో కలిసి పోదామని ముసలామె వెనక నుంచి పిలిచింది కానీ ఆగలేదు.

నేను షట్టర్ సగం దించాను. ఇక్బాలున్నీసా మెట్టు మీదే నిలబడి ఉంది. నడుముకున్న తాళంచెవుల గుత్తిని పిడికిట్లో పట్టుకుని ఉంది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. పొద్దుటినుంచి అరిచిన గొంతు ఇప్పుడు నాకే సరిగా వినబడలేదు.

"బేటీ," అంది. "నాకు తెలువకుంట ఏమన్న నఖల్ తీసి పెట్టినవా?"

ఉందని చెప్పాలనిపించింది. నిజంగా అనిపించింది.

"లేదు ఖాలా," అన్నాను.

ఆమె తలెత్తి నా బోర్డు వంక చూసింది.